ఇంగ్లీషు రాని ఇల్లు

గత ఆదివారం మా మేనత్త ఆమదాలవలస నుంచి వచ్చింది. ఆటో దిగి, గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా ఫోను నా చేతిలో పెట్టింది.

"ఏటి రాసారో సూడమ్మా. మా గుంట ఏదీ సరిగ్గా సెప్పదు."

ఆ గుంట అంటే అత్త కూతురు, మా మరదలు. వచ్చే సెప్టెంబరులో స్పెయిన్ వెళ్తోంది. సలమాంకా అనే ఊళ్ళో 12 వారాలు స్పానిష్ చదువుతుంది. ఉండటానికి స్కూలువాళ్ళు రెండు కుటుంబాల వివరాలు పంపి, ఏది కావాలో చెప్పమన్నారు. మొదటిది భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు. స్కూలుకి ఐదు నిమిషాల నడక, గదికి సొంత బాత్రూమ్, ఇంట్లో అందరికీ ఇంగ్లీషు బాగా వచ్చు. రెండో ఇంట్లో ఉండేది డెబ్బై దాటిన ఒంటరి ఆవిడ. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, స్కూలుకి అరగంట నడవాలి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

అత్త మొదటి ఇల్లే ఖాయం చేసుకుని వచ్చింది. నేను రెండోది అన్నాను. నేను పిల్ల మీద పగ తీర్చుకుంటున్నట్టు చూసింది. సాయంత్రానికల్లా విజయనగరం నుంచి మా బాబాయి, విశాఖ నుంచి వాళ్ళ పెద్దకోడలు, మరో ఇద్దరు ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే మాట, భాష తెలియని చోట ఇంగ్లీషు వచ్చిన ఇల్లే కదా ధైర్యం అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నేను అదే ఊళ్ళో 2019లో సెప్టెంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఉన్నాను. నావీ 12 వారాలే. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదు. 12 వారాలంటే 84 రోజులు, రానూపోనూ నాలుగు రోజులు వేసుకున్నా సరిపోతుంది. అది దాటితే వేరే రకం వీసాకి వెళ్ళాలి, కాగితాల పని రెట్టింపు. అప్పట్లో విశాఖలో ఒక ఆఫీసులో చేసేదాన్ని. స్పానిష్ వస్తే జీతం పెరుగుతుందన్నారు. స్పానిష్ మాతృభాషగా మాట్లాడేవాళ్ళు దాదాపు 50 కోట్లు, అది అధికార భాషగా ఉన్న దేశాలు 20. ఆ లెక్కలన్నీ నాన్నకి చెప్పాను. ఆయన అవేమీ వినలేదు. "ఎన్నాళ్ళు? ఎంతవుద్ది?" అని రెండు ప్రశ్నలేసి, ఉద్దానంలో ఉన్న కొద్దిపాటి జీడితోట మీద ఆ ఏడు వచ్చిన డబ్బు ఇచ్చారు. దాంతోపాటు రెండు కేజీల జీడిపప్పు కూడా. "ఎవరింటికో ఎల్తన్నావు, వట్టి సేతుల్తో ఎల్లకూడదు" అన్నారు.

నేను మొదట దిగింది సరిగ్గా మా అత్త మెచ్చిన లాంటి ఇంట్లోనే.

చెడ్డ ఇల్లేమీ కాదు. శుభ్రమైన గది, మంచి పరుపు. నాతోపాటు మరో ఇద్దరు విద్యార్థులు. రాత్రి భోజనం ట్రేలో పెట్టి ఉండేది, ఎవరి గదిలో వాళ్ళు తినొచ్చు. ఇంటాయన మొదటి రోజే ఇంగ్లీషులో, "మాకందరికీ ఇంగ్లీషు వచ్చు, టెన్షన్ పడకు" అన్నాడు. నిజంగానే టెన్షన్ పోయింది. దాంతోపాటు స్పానిష్ కూడా పోయింది. స్కూల్లో రోజుకి నాలుగు గంటలు క్లాసు. ఇంటికి రాగానే వాళ్ళ పద్నాలుగేళ్ళ అబ్బాయి ఇంగ్లీషు హోంవర్కు పట్టుకుని వచ్చేవాడు. నేను ఒక వాక్యం స్పానిష్‌లో మొదలుపెడితే వాళ్ళు పాపం నా కష్టం చూడలేక ఇంగ్లీషులో అందుకునేవాళ్ళు. మూడు వారాలు గడిచాక తేలిందేమిటంటే, నేను వాళ్ళకి డబ్బు కడుతూ వాళ్ళ అబ్బాయికి ట్యూషన్ చెబుతున్నాను.

ఒకరోజు వంటగదిలో గాజుగ్లాసు నా చేతిలోంచి జారి పగిలింది. కంగారులో "రొంపీ ఎల్ బాసో" అన్నాను. ఇంగ్లీషులో అలాంటప్పుడు 'ఐ బ్రోక్ ద గ్లాస్' అంటాం కదా, దాన్ని మాటకి మాట మార్చాను. ఇంటావిడ ఒక్క క్షణం నన్ను వింతగా చూసి, "నో ప్రాబ్లమ్" అని చీపురు తెచ్చింది. ఆ చూపు ఎందుకో నాకు మరో నెల దాకా అర్థం కాలేదు.

నాలుగో వారం ఇల్లు మార్చమని స్కూల్లో అడిగాను. మీ ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని అడిగారు. లేదు, అదే ఇబ్బంది అన్నాను. వాళ్ళకి అర్థమైందో లేదో గానీ ఖాళీగా ఉన్న ఇల్లు ఒకటి చూపించారు. ఎవరూ అడగని ఇల్లు. లిఫ్టు లేదు, డెబ్బై దాటిన ఆవిడ, వారాంతాల్లో వచ్చే మనవడు.

ఆవిడ గది తలుపు తీసి చూపిస్తూ వరసగా పేర్లు చెప్పింది. 'అర్మారియో' అంది, అలమర. 'తొవాయా' అని చేతిలో పెట్టింది, తువాలు. నేను గది మధ్యలో నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చి మన తీరంలో వదిలేసిన మాటలు ఇవి. పోర్చుగీసు స్పానిష్‌కి తోబుట్టువు. మన మేస్త్రి కూడా ఆ ఇంటివాడే, స్పానిష్‌లో మాయెస్త్రో. ఆవిడకి ఇదంతా చెప్పే భాష అప్పటికి నాకు లేదు. జీడిపప్పు ప్యాకెట్టు తీసి ఇచ్చాను. ప్యాకెట్టు పట్టుకుని బరువు చూసి, ఇంత ఖరీదైనది ఎందుకని కాబోలు, ఏదో చాలాసేపు తిట్టింది.

ఇక్కడి నుంచి నా వాదన మొదలవుతుంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు పనికిరాలేదు. పనికిరాని సామాను పక్కన పడేస్తే, దాని వెనకాల ఉన్న తెలుగు బయటికొచ్చింది. స్పానిష్‌కి ఇంగ్లీషు కంటే తెలుగే దగ్గరి దారని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మనకి దొరికే పుస్తకాలన్నీ ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి మరి.

నచ్చడం సంగతే చూడండి. స్పానిష్‌లో 'గుస్తార్' అనే క్రియ ఉంది. మా క్లాసులో ఇంగ్లీషు పిల్లలు దాంతో నానా అవస్థ పడేవాళ్ళు. 'ఐ లైక్' అంటే ఇష్టపడేది నేను, కానీ స్పానిష్‌లో 'మె గుస్తా' అంటే నేను కర్తని కాను. టీచరు బోర్డు మీద బాణాలు గీసి అరగంట చెప్పింది. నేనూ బుద్ధిగా బాణాలు రాసుకున్నాను. ఆ రాత్రి పప్పు తింటుంటే ఆవిడ "తె గుస్తా?" అంది. అప్పుడు వెలిగింది. 'నీకు నచ్చిందా?' అంతే. ఆ బాణాలన్నీ ఈ రెండు మాటలకే. ఒకటైతే 'గుస్తా', ఎక్కువైతే 'గుస్తాన్'. నచ్చింది, నచ్చాయి. మన పసిపిల్లలకి కూడా ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

తర్వాత సేర్, ఎస్తార్. ఇంగ్లీషులో ఒక్క 'ఈజ్' ఉన్నచోట స్పానిష్‌లో రెండు క్రియలు. దీనికి పుస్తకంలో రెండు పేజీల నియమాలు. తెలుగులో 'ఆవిడ టీచరు' అంటాం, క్రియ లేదు. 'ఆవిడ ఇంట్లో ఉంది' అంటాం, క్రియ ఉంది. మనం క్రియే లేకుండా చెప్పేచోట చాలావరకు సేర్, 'ఉంది' అనాల్సిన చోట చాలావరకు ఎస్తార్. నూటికి నూరుపాళ్ళూ కుదరదు. కానీ సంతలో బేరమాడటానికి సరిపడా కుదురుతుంది.

'నేను' అనే మాట కూడా అంతే. ఇంగ్లీషు అలవాటులో ప్రతి వాక్యానికీ ముందు 'యో' పెట్టేదాన్ని. యో తింటాను, యో వెళ్తాను. ఆవిడ ఒకరోజు విసుగొచ్చి, గుండె మీద చెయ్యి కొట్టుకుంటూ 'యో, యో, యో' అని నన్ను వెక్కిరించింది. తెలుగులో 'వస్తాను' అంటే చాలు కదా, ఎవరొస్తారో 'ను' చెబుతుంది. స్పానిష్ క్రియ చివర కూడా అదే పని చేస్తుంది. ఇంత తెలిసి కూడా నేను ఇంగ్లీషువాళ్ళ బూట్లేసుకుని నడిచాను.

నోటి సంగతి చెప్పక్కర్లేదు. మన త, ద వాళ్ళ త, ద. మన ప, క వాళ్ళ ప, క. 'రొంపీ' లాంటి మాటల మొదట్లో నాలుకని దొర్లించి పలికే 'ఱ' కోసం మా క్లాసులో ఒక అమెరికా కుర్రాడు నెల రోజులు గొంతు పుక్కిలించాడు. మా ఊళ్ళో బర్రెల్ని అదిలించే పిల్లాడెవడైనా మొదటి రోజే పలికేస్తాడు.

అసలు దెబ్బ తగిలింది మర్యాద దగ్గర. కంచంలో ఏది పెట్టినా నేను 'గ్రాథియాస్' అనేదాన్ని. నీళ్ళిస్తే గ్రాథియాస్, ఉప్పు జరిపితే గ్రాథియాస్. వారం ఓర్చుకుని, ఆవిడ గరిటె కింద పెట్టి, "ఇహా, ఇది హోటల్ కాదు" అంది. ఇహా అంటే కూతురా అని. (ఇహమో పరమో అనుకుని మొదట్లో ఉలిక్కిపడేదాన్ని.) మా ఇంట్లో అమ్మకి నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా థాంక్స్ చెప్పానా? చెబితే ఏటయిందే నీకు అంటుంది. ఆ దేశంలో కాఫీ కొట్టులో కూడా 'నాకో కాఫీ పెట్టు' అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఈ ప్లీజులూ థాంక్యూలూ నేను ఇంగ్లీషు నుంచి మోసుకెళ్ళిన బరువు.

ఇక ఆ పగిలిన గ్లాసు. నవంబరు మొదట్లో ఒక శనివారం. ఆవిడ బంగాళాదుంపల అట్టు, అదే తోర్తియా, నేర్పిస్తానంది. దుంపలు చెక్కు తీసి పల్చగా తరగాలి. ఒకే మందంలో ఉండనక్కర్లేదట, విరిగినట్టు ఉంటేనే మంచిదట. గిన్నెడు ఆలివ్ నూనెలో సన్నటి సెగ మీద దుంపలూ ఉల్లిపాయా మగ్గాలి గానీ వేగకూడదు. నేను అలవాటుకొద్దీ మంట పెంచితే "అసీ నో, అసీ నో" అంటూ తగ్గించేది. ఇలా కాదు, ఇలా కాదు. (ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నది ఆ దేశంలో పెద్ద తగువు. మనవడు వద్దంటాడు, ఆవిడ వేస్తుంది.) దుంపలు నూనె వార్చి, గిలక్కొట్టిన గుడ్లలో కలిపి కాసేపు ఉంచి, మళ్ళీ పెనంలో పోసి, అడుగు గట్టిపడ్డాక పైన పళ్ళెం బోర్లించి ఒక్క విసురున తిప్పాలి. "నువ్వు తిప్పు" అంది. తిప్పాను. సగం పళ్ళెంలోకి వచ్చింది, సగం పొయ్యి మీద పడింది.

నా నోట్లోంచి వచ్చిన మాట "సె మె కయో." అంతకుముందు ఆవిడ నోట రెండు మూడుసార్లు విన్నాను, చెంచా పడినప్పుడు, తాళాలు పడినప్పుడు. క్లాసులో ఇంకా చెప్పలేదు. అనేశాక ఆలోచించాను. 'పడిపోయింది, నాకు.' అది పడింది, నా చేతిలో ఉండగా పడింది, నేను పడేయలేదు. చెయ్యి జారిపోయిందండీ అని మనం అనేది ఇదే. ఇంగ్లీషులో పడేసినదాన్ని నేనే అని ఒప్పుకోవాలి. ఆ మొదటి ఇంట్లో నేను ఇంటావిడ ముఖం మీద 'గ్లాసు పగలగొట్టాను' అని ప్రకటించానన్నమాట! ఆ చూపు అప్పుడు అర్థమైంది. పాపం ఆవిడకి ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి నన్ను అర్థం చేసుకుంది, అర్థం చేసుకుంది కాబట్టి దిద్దలేదు. మా పెద్దావిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి ప్రతిదీ దిద్దింది. పొయ్యి మీద పడినదాన్ని ఇద్దరం చెంచాలతో గోకి తిన్నాం.

మా జిల్లావాళ్ళకి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో ఇక్కడే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా ఆ కొండల్లోని గిరిజనులు, సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాషకి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. ఆయనేం చేశారు? తెలుగు వచ్చిన ఒక సవరని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. 1931లో సవర వ్యాకరణమూ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువూ అచ్చయ్యాయి. అవి ఇంగ్లీషులో రాశారు గానీ, ఆ భాష ఆయనకి ఒంటబట్టింది మాత్రం తెలుగు మీదుగా, ఒకే ఇంట్లో ఉంటూ. ఇప్పటి మాటలో దాన్ని హోమ్‌స్టే అంటారు. కాకపోతే ఆయన వెళ్ళలేదు, రప్పించుకున్నారు.

సలమాంకాకి కూడా ఇలాంటి గర్వం ఒకటుంది. విశ్వవిద్యాలయం 1218 నాటిది. స్పానిష్ భాషకి నెబ్రిహా రాసిన మొదటి వ్యాకరణం 1492లో అచ్చయింది ఆ ఊళ్ళోనే. ఇక్కడి స్పానిషే స్వచ్ఛమైనదని మా టీచరు ప్రతి వారం గుర్తుచేసేది. నేను ఇంట్లో విన్నట్టు 'పెస్కావో' అంటే, చేప అని, అలా అనకూడదు, 'పెస్కాదో' అనాలి అని దిద్దేది. ఇంటికొచ్చి ఆవిడకి చెబితే, "ఆ టీచరు కూడా ఇంటికెళ్ళి చెప్పులు విప్పాక పెస్కావో అనే అంటుంది" అంది. హైదరాబాద్ హాస్టల్లో నేను 'ఏటి' అన్నప్పుడల్లా నవ్విన మొహాలు గుర్తొచ్చాయి. వస్తన్నాను అంటే వస్తున్నాను అని దిద్దిన మొహాలు. ఆ రాత్రి నుంచి కావాలనే పెస్కావో అనడం మొదలుపెట్టాను.

ఇంతా చెప్పి, క్లాసు దండగ అనడం లేదు. ఉత్తరం రాయడం, భూతకాలాల్లో తేడాలు, వస్తే గిస్తే అనే రకం క్రియారూపాలు ఇంట్లో రావు. లింగం దగ్గర తెలుగు కూడా చేతులెత్తేస్తుంది. వాళ్ళ బల్ల ఆడది, గ్లాసు మగది. మనం ఆడమనిషిని, బల్లని ఒకే 'వచ్చింది'తో సరిపెట్టేవాళ్ళం, మనకెక్కడ తెలుస్తుంది! అవి బట్టీ పట్టడమే.

ఒంటరితనం కూడా దాచను. ఆ రెండో ఇంట్లో మొదటి పది రోజులు నేను మూగదాన్నే. అక్కడ మధ్యాహ్న భోజనం 3కి, రాత్రి భోజనం 9:30కి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక, నేను రాత్రి కంచం ముందు కూర్చునేసరికి శ్రీకాకుళంలో 2 గంటలు. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చే వీలు కూడా లేదు. చింతపండు లేని పప్పు. ఆ చుట్టుపక్కల లా అర్మూన్యా అనే ప్రాంతపు పప్పుకి దేశంలో పెద్ద పేరు, మన తాలింపు పడితే ఎలా ఉండేదో అనుకుంటూ మింగేదాన్ని. భోజనం అయ్యాక లేవకుండా బల్ల దగ్గరే కూర్చుని కబుర్లాడటానికి వాళ్ళకి ఒక పేరే ఉంది, సొబ్రెమెసా అని. గంట, గంటన్నర. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా లేచి గదిలోకి వెళ్ళలేను, ట్రే లేదుగా.

అలాంటి ఒక సొబ్రెమెసాలోనే ఆవిడ చెల్లెలు వచ్చి, మీది ఇండియాలో ఎక్కడ అంది. ఆంధ్రప్రదేశ్ అన్నాను, ఎలాగూ తెలీదులే అనుకుంటూ. "అనంతపూర్!" అంది చెయ్యెత్తి. బార్సిలోనాలో పుట్టి 1969లో అనంతపురం వచ్చి, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయిన విన్సెంట్ ఫెర్రర్ గారి సంస్థకి ఆవిడ ప్రతి నెలా డబ్బు పంపుతుందట, ఒక ఆడపిల్ల చదువు కోసం. పర్సులోంచి ఫోటో తీసి చూపించింది. రెండు జడలు, రిబ్బన్లు. మీ ఇంటికి దగ్గరేనా అని అడిగింది. నేను అనంతపురం ఇప్పటిదాకా చూడలేదని, మాది రాష్ట్రానికి ఈ కొస, అది ఆ కొస అని చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఆవిడ పటం గీయడానికి పెన్ను తెచ్చింది. ఎవరికైనా ఇంగ్లీషు వచ్చి ఉంటే అది ఒక్క వాక్యంలో అయిపోయేది.

ఇదంతా ఆదివారం అత్తకి ఇంత వివరంగా చెప్పలేదు. చెప్పినంతా విని, ఆమె అసలు భయం బయటపెట్టింది.

"అది కాదే. రేపు గుంటకి ఒంట్లో బాగోలేదనుకో. ఆ ముసలామెకి ఎలా తెలుస్తాది?"

అప్పుడు నవంబరు చలి సంగతి చెప్పాను. ఆ ఊరు దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంటుంది, చలి ఎముకల్లోకి దిగుతుంది. నాకు తుమ్ములు, ముక్కు కారడం. ఆవిడ నా నుదురు పట్టుకు చూసి "ఎస్తాస్ కొన్‌స్తిపాదా" అంది. ఆ మాట వినగానే నాలో చచ్చిందనుకున్న ఇంగ్లీషు లేచి కూర్చుంది. కాన్‌స్టిపేషన్! మలబద్ధకం! మనవడు అక్కడే ఉన్నాడు. సిగ్గుతో చచ్చి, లేదు లేదు, అదేమీ లేదు, రోజూ బాగానే అవుతోంది అని చేతులతో సహా చెప్పాను. ఆవిడ తెల్లబోయింది. కుర్రాడు కిందపడి నవ్వాడు. స్పెయిన్‌లో కొన్‌స్తిపాదా అంటే పడిశం పట్టిందని. ఆవిడ ఏమీ అడక్కుండానే వేడి పాలల్లో తేనె కలిపి తెచ్చి, పైన ఇంకో దుప్పటి కప్పి వెళ్ళింది. నుదురు పట్టుకు చూసినప్పుడే ఆవిడకి అంతా తెలుసు. తెలియనిది నాకే.

అత్త నవ్వి నవ్వి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఫోను నా చేతిలోంచి తీసుకుని రెండో ఇంటి కాగితం మళ్ళీ కాసేపు చూసింది. అవునని చెప్పలేదు, కాదనలేదు. టీ తాగి, ఆటో వచ్చాక, ఎక్కుతూ వెనక్కి తిరిగి అడిగింది.

"ఆవిడొక్కర్తే అంటన్నావు గదా. జీడిపప్పు కేజీ సాలదేటి?"